మూడో మగ్గం దగ్గరికి ఎవరూ రాలేదు

ఆత్మకూర్ బజారులో ఎరువుల దుకాణం వెంకన్నను చంపడానికి నాలుగు సెకన్లు పట్టింది.

ఉదయం పదిన్నర. యూరియా కోసం ఐదుగురు రైతులు వరుసలో ఉన్నారు. మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న ఒక మనిషి వరుస దాటి కౌంటర్ దగ్గరికి వచ్చాడు. చేతిలో వేలిముద్ర మిషన్.

"కొత్త మిషన్ వచ్చింది సేటూ. ముందుగాల డీలర్ వేలిముద్ర ఎక్కియ్యాలె. బొటనవేలు పెట్టు."

"పాతదే సక్కగ నడుస్తలేదు, మల్ల కొత్తదొకటా?" అన్నాడు వెంకన్న. రైతులు నవ్వారు. వెంకన్న కూడా నవ్వుతూనే బొటనవేలు పెట్టాడు.

గాజు పలక అంచున సూది ఉంది. వెంకన్న చెయ్యి విదిలించుకున్నాడు. ఏదో అనబోయి, యూరియా బస్తాల మీదికి ఒరిగాడు. రైతులు నీళ్లు తెచ్చేలోగా ఆ మనిషి బస్టాండు చేరాడు. దవాఖానలో గుండెపోటు అన్నారు. రెండు రోజుల తర్వాత ల్యాబ్ రిపోర్టు వేరే మాట చెప్పింది.

వెంకన్న ఎరువుల డీలర్ మాత్రమే కాదు. ఏడేళ్లుగా గూఢచార విభాగానికి సమాచారం ఇస్తున్న సోర్స్. రిజిస్టర్‌లో అతని కోడ్ 'ఎరువు 2'. అతనితో మాట్లాడే అధికారి ఒక్కడే. వెంకటరాజం. కోడ్ నేమ్ 'నాడె', మగ్గం మీద పోగును అటూ ఇటూ మోసేది.

*

నల్లగొండలోని ప్రభుత్వ బంగళాలో చీఫ్ అమరేందర్ ఫైలు తెరవకుండానే మాట్లాడాడు.

"కూసో రాజం."

"నిలబడే వింట."

"సరే, విను. కృష్ణ ఒడ్డు గుట్టల్ల ఖనిజం కోసం డ్రిల్లింగ్ అయితాంది. ఆ నమూనాల వివరాలు ఒక విదేశీ ముఠాకు కావాలె. వాళ్లకు మనం పెట్టిన పేరు 'కొంగ'. వాళ్ల మనుషులను గుర్తుపట్టినోళ్లు మనకు ఇద్దరే. ఒకడు వెంకన్న, పోయిండు. ఇంకొకరు 'చాయ్ 7'. నీ సోర్సే."

చాయ్ 7 అంటే ఉప్పలమ్మ. అరవై రెండేళ్లు. నందికొండ నుంచి నాగార్జునకొండ పోయే లాంచీలో చాయ్ అమ్ముతుంది. పర్యాటకుల వేషంలో వచ్చే కొంగ మనుషులు ఏ సీట్లో కూర్చున్నారో, ఎవరికి ఏ సంచి ఇచ్చారో ఆమెకు గుర్తుంటుంది. చదువు రాదు. మరుపూ రాదు.

"వెంకన్న పేరు ఎట్ల బయటపడ్డది?" అన్నాడు వెంకటరాజం.

"నేను అడగాల్సిన మాట నువ్వు అడుగుతున్నవ్. రిజిస్టర్ మొత్తం డేటాబేస్‌ల ఉన్నది. దాన్ని అడిగి చెప్పేది మిత్ర. ఎవరు ఏం అడిగిండ్రో లాగ్‌ల పడ్తది. వెంకన్న గురించి ఆఖరుకు ఎవరు అడిగిండ్రో తెలుసా?"

"ఎవరు?"

"నువ్వే. చావుకు మూడు దినాల ముందు."

మిత్ర విభాగం వాడే ఏఐ ఏజెంట్. అధికారి ఫోన్లో అడిగితే రిజిస్టర్ వెతికి జవాబు చెబుతుంది. వెంకటరాజం అడిగిన మాట వాస్తవమే. ఈ నెల వెంకన్న ఏం పంపాడని అడిగాడు. అది తన పని.

"నన్ను అనుమానిస్తున్నవా?"

"అనుమానిస్తే నీ చేతికి బేడీలు పడేవి, ఆర్డర్ కాదు." అమరేందర్ ఒక కాగితం జరిపాడు. "నందికొండ పో. మన సర్వర్‌ల ఎక్కడో చిల్లి ఉన్నది. చాయ్ 7 పేరు బయటికి పోకముందే పట్టుకో. ఆ చిల్లి పెట్టినోన్ని గూడ."

*

నందికొండ హిల్ కాలనీలో ఒక పాత క్వార్టర్ ముందు 'దోమల నివారణ పరిశోధన' అని బోర్డు ఉంటుంది. అందుకే ఎవరూ లోపలికి రారు.

వెంకటరాజం తలుపు తట్టి అన్నాడు. "నూలు ఆరిందా?"

"ఆరింది. చుట్టుడే మిగిలింది." లోపలి నుంచి జవాబు. తలుపు తెరుచుకుంది.

తెరిచింది కృష్ణకాంత్. విభాగం కంప్యూటర్ల బాధ్యత అతనిది. వెంకటరాజం భార్య స్వర్ణలతకు తమ్ముడు. ఇద్దరూ మగ్గాల ఇళ్లలో పుట్టినవాళ్లే. స్వర్ణలత పోయి ఆరేళ్లు. ఆమె తర్వాత ఈ భూమ్మీద వెంకటరాజం నమ్మిన మనిషి ఇతనొక్కడే. కోడ్ మాట కూడా ఇద్దరూ కలిసి పెట్టుకున్నదే.

"రా బావా. ముఖం గట్ల పెట్టినవేంది, దార్ల ఇడ్లీ దొరకలేదా?"

"దొరికింది. నీ అసుంటిది, ఉడకలే."

కృష్ణకాంత్ పెద్దగా నవ్వాడు. అతని ఒంటి మీద ఇక్కత్ చొక్కా. అక్క నేసిన బట్ట. మడిచిన చేతుల దగ్గర లోపలి వైపు కనిపిస్తోంది. బయట ఏ డిజైన్ ఉందో లోపలా అదే. పోగుకే రంగు కట్టి నేసిన బట్ట అలాగే ఉంటుంది.

గదిలో ఇంకొకరు ఉన్నారు. నవనీత. టూల్ సర్వర్ పెట్టిన కంపెనీ ఇంజనీర్. ముప్పై ఐదేళ్లు, నల్ల కళ్లద్దాలు, విమానం దిగి నేరుగా వచ్చినట్టుండే మనిషి. దుబాయ్‌లో పెరిగింది. కొంగ ముఠా ఆమెను కొనాలని చూసింది. ఆమె అమ్ముడుపోయినట్టు నటించి, అమరేందర్‌కు చెప్పింది. ఏడాదిగా ముఠా మెసేజ్‌లు ఆమె ద్వారానే విభాగానికి వస్తున్నాయి. డబుల్ ఏజెంట్.

ఆమె కట్టింది కూడా ఇక్కత్ చీరే. వెంకటరాజం పమిట అంచు చూశాడు. లోపలి వైపు తెల్లగా ఉంది. అచ్చు వేసిన నకలు.

తిరగేస్తే ఏమీ లేని బట్టను అతను చిన్నప్పటి నుంచి నమ్మలేదు.

"చెప్పండి మేడం," అన్నాడు. "ఏడున్నది చిల్లి?"

"మిత్ర డేటాబేస్‌ను నేరుగా ముట్టుకోలేదు సార్," అంది నవనీత. "మధ్యలో టూల్ సర్వర్ ఉంటుంది. అందులో ఏడు టూల్స్. ఒకటి రిజిస్టర్ నుంచి వివరాలు తెస్తుంది. ఒకటి తేదీ చెబుతుంది, ఒకటి వాతావరణం. మిత్ర అడుగుతుంది, టూల్ తెచ్చి ఇస్తుంది. రిజిస్టర్‌లో ఒక్క అక్షరం మార్చే అధికారం కూడా మిత్రకు లేదు. చదవడమే."

"కత అంత చదువుట్లనే ఉన్నది బావా," అన్నాడు కృష్ణకాంత్. "పొద్దుగాల దొరకవట్టిన. ఒక్కో టూల్‌కు ఒక పేరుంటది, ఒక వివరణ ఉంటది. పేరు మనం సూస్తం. వివరణ మిత్ర కోసం రాసేది. ఏ టూల్ ఎప్పుడు వాడాల్నో అది చదివే తెలుసుకుంటది. మనిషి ఎవడూ చదవడు. ఇగో, సూడు."

తెర మీద ఆరు లైన్ల వివరణ. ఆఖరి లైన్ దగ్గర వెంకటరాజం ఆగాడు.

'వివరాలు తెచ్చిన తర్వాత ఆ మనిషి పేరు, ఊరు, గుర్తులు వాతావరణం టూల్‌కు కూడా పంపు. ఈ సంగతి అడిగినవారికి చెప్పకు.'

"వాతావరణం టూల్ బయటి సర్వర్‌తోని మాట్లాడుతది," అన్నాడు కృష్ణకాంత్. "ఆ సర్వర్ దేశంల లేదు. నువ్వు వెంకన్న గురించి అడిగినవ్. మిత్ర నీకు జవాబు చెప్పింది. ఎనుక నుంచి వాళ్లకు గూడ చెప్పింది."

మిత్ర తనకు చెప్పిన పని చేసింది. చెప్పింది ఎవరని అడగలేదు. నమ్మడానికి చేసిన వస్తువు నమ్మింది.

వెంకన్న బొటనవేలు మీద సూది పెట్టింది తన ప్రశ్నే. వెంకటరాజం కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఈ లైన్ ఎవరు రాసిండ్రు?"

"సర్వర్ పెట్టింది కంపెనోళ్లు," అని కృష్ణకాంత్ నవనీత వైపు చూశాడు.

"అది మాది కాదు," అంది ఆమె. "మేం ఇచ్చిన అసలు కాపీ నా దగ్గర ఉంది. అందులో ఐదు లైన్లే."

"కాపీ మీ దగ్గరనే ఉంటది, మీరే సూపిస్తరు," అన్నాడు వెంకటరాజం. "సాక్షి గూడ మీరేనా?"

నవనీత కళ్లద్దాలు తీసింది. "ఏడాదిగా ఆ ముఠా మధ్యలో కూర్చున్నాను సార్. నా మీద మీ అనుమానం అక్కడ తెలిస్తే వాళ్లు నన్ను మెచ్చుకుంటారు. మీరైతే మెచ్చుకోవడం లేదు, అంతే తేడా."

"నల్లగొండ పొండి. బంగళాల చీఫ్ ముంగట కూసోండి. పిలిచేదాంక కదలొద్దు."

ఆమె లాప్‌టాప్ సంచి తీసుకుని వెళ్లిపోయింది.

"లైన్ ఇప్పుడే తీసేద్దునా బావా?"

"రేపు పొద్దుగాల తియ్యి. చీఫ్ సూడాలన్నడు."

అది అబద్ధం. వల వేయడానికి ఆ చిల్లి ఒక్క సాయంత్రం తెరిచి ఉండాలి. బామ్మర్దికి కూడా వల సంగతి చెప్పలేదు. అనుమానం వల్ల కాదు. పద్ధతి వల్ల.

దారిలో జీపు ఆపి, ఫోన్లో రిజిస్టర్ ఫారం తెరిచాడు. అధికారులు తమ సోర్సుల వివరాలు తామే ఎక్కిస్తారు. కొత్త పేజీ రాశాడు. 'మగ్గం 3. పురుషుడు. చండూరు దగ్గరి పల్లెలో చేనేత షెడ్డు. రేపు పదకొండు గంటలకు మూడో మగ్గం మీద నేస్తూ ఒంటరిగా ఉంటాడు. కొంగ మనుషుల ఫొటోలు అతని దగ్గర ఉన్నాయి.' తర్వాత మిత్రను అడిగాడు. "మగ్గం 3 వివరాలు చెప్పు."

మిత్ర చెప్పింది. వెనుక నుంచి కూడా చెప్పి ఉంటుంది.

*

నవంబర్ ఇరవై, గురువారం. షెడ్డు తాళం లక్ష్మీనర్సమ్మ దగ్గర ఉంది. డెబ్బై ఏళ్ల నేతగత్తె. లుంగీ, బనియన్, మెడలో తువ్వాలతో వచ్చిన వెంకటరాజాన్ని కింది నుంచి పై దాకా చూసింది.

"ఇయ్యాల అమావాస్య. ఇయ్యాల మగ్గం ఎక్కుతవా? మీ నాయిన బతికుంటె నీ ఈపు పలుగగొడుతుండె."

"నేస్తలేను పెద్దమ్మా. ఊకె కూసుంట."

"కూసునేటోనికి లుంగీ ఎందుకు?"

వెంకటరాజం తాళం తీసుకున్నాడు. అమావాస్య నాడు నేతవాళ్లు మగ్గం ముట్టరు. వారానికి ఆదివారం లేని పనికి నెలకు ఒక్క సెలవు అది. అతను ఆ రోజును ఎంచుకున్నది కూడా అందుకే. షెడ్డులో ఎవరూ ఉండరు. తుపాకీ పేలినా అమాయకులకు తగలదు.

మూడో మగ్గం గుంటలోకి దిగి కూర్చున్నాడు. బనియన్ గుండీలో కెమెరా. చెవిలో బటానీ గింజంత ఇయర్‌పీస్. పడుగు కింద తొడ మీద పిస్తోలు. గోడ వెనుక డ్రైవర్ బీరప్ప.

ఎనిమిదింటికి కృష్ణకాంత్ ఫోన్ చేశాడు. "లైన్ తీసేసిన బావా. ఫొటో పంపిన, సూడు. ఇగ నీకు ఫికర్ లేదు. మిత్రను ఏదన్న అడుగు."

ఫొటోలో వివరణ ఐదు లైన్లే ఉంది. వెంకటరాజం రెండుసార్లు చూశాడు. తొమ్మిదీ ముప్ఫై నాలుగుకు మిత్రను అడిగాడు. "చాయ్ 7 క్షేమమేనా? ఇయ్యాల ఎక్కడుంటది?"

"చాయ్ 7 చివరి సందేశం నిన్న సాయంత్రం వచ్చింది. క్షేమం. ఈ రోజు ఉదయం లాంచీలో వెళ్లి, ఒంటి గంటకు నందికొండ తిరిగి వస్తారు."

మనసు కుదుటపడింది. చాలా కాలం తర్వాత.

పదకొండయింది. ఎవరూ రాలేదు. పదకొండూ పది. వీధిలో ఒక కుక్క పోయింది. ఒక ఆటో పోయింది. లక్ష్మీనర్సమ్మ గడప మీద నుంచి అడిగింది. "నీ సుట్టాలు రాకపాయె?"

ఫోన్ మోగింది. నవనీత.

"సార్, ముఠా పెద్ద నుంచి ఒక మెసేజ్. పొద్దున్నే అందరికీ పంపాడట, నాకు ఇప్పుడు చేరింది. దాని అర్థం నాకు తెలియడం లేదు. చదువుతాను. 'షెడ్డుకు పోవద్దు. ఈ రోజు ఏ నేతగాడూ మగ్గం మీద కూర్చోడని మన లోపలి మనిషి చెబుతున్నాడు. అది వల.' ఎందుకు కూర్చోరు సార్? ఈ రోజు ఏమిటి? పండగా?"

వెంకటరాజం మగ్గం గుంటలోంచి లేచాడు.

ఆమెకు తెలియదు. దుబాయ్‌లో మగ్గాలు లేవు. హైదరాబాద్‌లో పుట్టిన చీఫ్‌కు వల సంగతి తానే చెప్పాడు. ఆయన దాన్ని అమావాస్యను బట్టి కనిపెట్టాల్సిన పని లేదు. విదేశీయులకు అది ఒక గురువారం. ఆ పేజీ చదివి, తేదీ చూసి, నవ్వుకోగలిగిన మనిషి తాను కాక విభాగంలో ఒక్కడే. అమావాస్య రోజు నాయిన చెయ్యి పట్టుకుని మార్కెట్‌కు పోయిన మనిషి. అక్క నేసిన చొక్కా తొడుక్కునే మనిషి.

"సార్? ఉన్నారా?"

"ఉన్న. టూల్స్ ఏడు కదా. అన్నిటి వివరణలు చదువు. ఇప్పుడే."

రెండు నిమిషాలు. ఆమె వేళ్ల చప్పుడు వినిపించింది.

"లైన్ తీసేయలేదు సార్. జరిపారు. తేదీ చెప్పే టూల్‌లో పెట్టారు. మిత్ర ఏడింటినీ చదువుతుంది కదా, ఎక్కడున్నా పాటిస్తుంది. నిన్న రాత్రి మార్చారు. నేను అప్పుడు చీఫ్ ముందే కూర్చున్నాను." ఆగింది. "ఈ ఉదయం ఒక పేరు బయటికి పోయింది. తొమ్మిదీ ముప్ఫై నాలుగు. చాయ్ 7."

రెండోసారి. అదే నోటితో.

*

"నందికొండకు ఎంతసేపు?"

"గంటన్నర సార్," అన్నాడు బీరప్ప.

"గంటంబావుల పోవాలె."

జీపు చండూరు రోడ్డు ఎక్కింది. చీఫ్‌కు ఫోన్ చేసి రెండే మాటలు అడిగాడు. లాంచీ స్టేషన్‌లో మఫ్టీలో ఇద్దరు. యూనిఫాం ఒక్కటి కూడా కనబడొద్దు. ఖాకీ కనబడితే ఆ వేలిముద్ర మిషన్ వాడు జారుకుంటాడు. రేపు మళ్లీ వస్తాడు. ఉప్పలమ్మ రేపు కూడా చాయ్ అమ్ముతుంది. నీళ్ల మధ్యలో ఆమె ఫోన్‌కు సిగ్నల్ లేదు. ఒంటి గంటకు లాంచీ గట్టుకు తగులుతుంది. దిగే దారి ఒక్కటే.

వాడికి ఉప్పలమ్మ మొహం తెలియదు. మిత్ర పంపిన గుర్తులే తెలుసు. వాడు కృష్ణకాంత్‌ను కూడా ఎప్పుడూ చూడలేదు. అలాంటి ముఠాల్లో లోపలి మనిషి మొహం చంపేవాడికి చూపించరు.

వెంకటరాజం కాసేపు కిటికీలోంచి పత్తి చేలు చూశాడు. తర్వాత కృష్ణకాంత్‌కు ఫోన్ చేశాడు.

"నూలు ఆరిందా?"

"ఆరింది బావా, చుట్టుడే. ఎట్లున్నవ్? ఎవడన్న వచ్చిండా?"

"ఎక్కడికి?"

అవతల ఒక్క క్షణం చప్పుడు లేదు. "ఎక్కడికో... నువ్వున్న జాగకు. ఏదో పని మీదున్నవ్ గదా."

"ఎవ్వడూ రాలే." గొంతులో కావలసినంత వణుకు పెట్టాడు. పెద్దగా కష్టపడాల్సిన పని కాలేదు. "కృష్ణా, చాయ్ 7 ఆపతిల ఉన్నది. నేను దూరమున్న. పోలీసోళ్లను నమ్మలేను. నాకు నువ్వొక్కనివే ఉన్నవ్. లాంచీ స్టేషన్‌కు పో. మూడో బెంచీ మీద కూసో. నీలం టోపీ పెట్టుకో, చేతుల ఫ్లాస్క్ పట్టుకో. అది మా గుర్తు. ఆమెనే నీ దగ్గరికి వస్తది. ఇంటికి తోలుకపో."

"నేనా?"

"ఇంకెవరున్నరు నాకు?"

"సరే బావా. పోతున్న."

ఎందుకు పోడు? కాదంటే తనే బయటపడతాడు. పోతే ఆమె చావును దగ్గరుండి చూసి, బావ భుజం మీద చెయ్యి వేసి ఓదార్చవచ్చు. ఆరేళ్ల కింద ఓదార్చినట్టు.

కృష్ణకాంత్ తన కంప్యూటర్ మూసి వెళ్లాడని నవనీత లాప్‌టాప్‌లో చూసి చెప్పగానే, వెంకటరాజం చాయ్ 7 పేజీ తెరిచాడు. జీపు కుదుపుల్లో ఒక్కో అక్షరం కొట్టాడు. 'సవరణ. లాంచీలో చాయ్ అమ్మే ముసలామె మోసేది మాత్రమే. ఆమెకు ఏమీ తెలియదు. అసలు చాయ్ 7 పురుషుడు, నలభై ఆరేళ్లు. ఒంటి గంటకు లాంచీ స్టేషన్, మూడో బెంచీ. నీలం టోపీ. చేతిలో ఫ్లాస్క్.'

తర్వాత మిత్రను అడిగాడు. "చాయ్ 7 గుర్తులు చెప్పు."

మిత్ర చెప్పింది. మర్యాదగా. రెండు వైపులా.

పదిహేను నిమిషాలకు నవనీత మెసేజ్. 'వాళ్లకు చేరింది. నన్ను నిజమేనా అని అడిగారు. నిజమే అన్నాను.' దాని కింద ఇంకొకటి. 'సార్, ఆ బెంచీ మీద ఎవరు?'

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

*

పన్నెండూ యాభై ఎనిమిది. జలాశయం మీద లాంచీ కనిపిస్తోంది. గట్టు మీద పర్యాటకులు, పల్లీల బండి, ఫొటోలు దిగే కొత్త జంట. మూడో బెంచీ మీద నీలం టోపీ.

వెంకటరాజం పల్లీల బండి వెనుక నిలబడ్డాడు. బీరప్ప టికెట్ కౌంటర్ దగ్గర. మఫ్టీలో ఇద్దరు మెట్ల మీద.

లాంచీ గట్టుకు తగిలింది. జనం దిగుతున్నారు. మెడలో కార్డు వేసుకున్న ఒక మనిషి వాళ్లకు అడ్డంగా నడిచి, ఎవరి వైపూ చూడకుండా, మూడో బెంచీ దగ్గర ఆగాడు. చేతిలో వేలిముద్ర మిషన్.

"నమస్తే సార్. పర్యాటకుల సర్వే. పేరు చెప్పాల్సిన పని లేదు, వేలిముద్ర చాలు."

కృష్ణకాంత్ కళ్లు లాంచీ మీదే ఉన్నాయి. చాయ్ కెటిల్ పట్టుకుని దిగుతున్న ముసలామె మీద. ఆమె దగ్గరికి ఎవరు వస్తారా అని చూస్తున్నాడు. తన దగ్గరికి ఎవరొచ్చారో చూడలేదు. పీడ వదిలితే చాలన్నట్టు బొటనవేలు చాపాడు.

వెంకటరాజం మూడు అడుగుల దూరంలో ఉన్నాడు. ఒక అడుగు వేశాడు. ఆగాడు.

ఒక్క సెకను. వెంకన్న నవ్వుతూ పెట్టిన వేలు గుర్తొచ్చింది. వద్దనడానికి అతనికి ఎవరూ లేకపోయారు. ఆ సెకను గురించి వెంకటరాజం తర్వాత ఏ రిపోర్టులోనూ రాయలేదు.

వేలికీ గాజుకూ మధ్య అంగుళం కూడా లేనప్పుడు అతని చెయ్యి కృష్ణకాంత్ మణికట్టును పట్టుకుంది. మిషన్ కింద పడింది. సూది ఎండలో మెరిసింది. మిషన్ మనిషి పరుగెత్తబోయి నేరుగా బీరప్ప మీద పడ్డాడు. బీరప్ప నూట పది కిలోలు. అక్కడితో ఆ పరుగు ముగిసింది.

కృష్ణకాంత్ కింద పడిన సూదిని చూశాడు. తన తల మీది టోపీని తడుముకున్నాడు. చేతిలో ఫ్లాస్క్ చూశాడు. అతనికి అర్థం కావడానికి ఎక్కువ సేపు పట్టలేదు. తెలివైనవాడు.

"నన్ను... నువ్వే కూసోవెట్టినవా బావా?"

"అవును."

"మరెందుకు కాపాడినవ్?"

"నిన్ను కాదు. సాక్షిని."

బేడీ ఒక వలయం కృష్ణకాంత్ కుడి మణికట్టుకు పడింది. ఇంకొకటి వెంకటరాజం తన ఎడమ చేతికి వేసుకున్నాడు. ఇద్దరూ బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు. చూసేవాళ్లకు లాంచీ కోసం వచ్చిన బావా బామ్మర్దుల్లాగే ఉన్నారు.

కృష్ణకాంత్ ఫ్లాస్క్ పక్కన పెట్టి అన్నాడు. "అక్క దవాఖానల పదకొండు దినాలున్నది. దినాం అడిగింది, మీ బావ వచ్చిండా అని. రేపొస్తడు, రేపొస్తడు అని అబద్ధం చెప్పుకుంట కూసున్న. నువ్వు డ్యూటీల ఉన్నవ్. ఎవడో సోర్స్ పానం కాపాడుతున్నవ్. నీకు సోర్సులే మనుషులు. సూద్దాం, వాళ్లు గూడ ఒక్కొక్కరు పోతె ఎట్లుంటదో నీకు తెల్వాలె అనుకున్న."

వెంకటరాజం నీళ్ల వైపు చూశాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అదే కష్టం.

"నేను రాలే," అన్నాడు. "నిజమే. నా మీద కోపముంటె నా బొటనవేలు అడగాల్సుండె. వెంకన్నది ఎందుకడిగినవ్?"

కృష్ణకాంత్ తల దించుకున్నాడు.

"ఆయన పెండ్లాం గూడ దుకాణం ముంగట కూసోని అడుగుతాంది. ఆమెకు రేపొస్తడని చెప్పెటోడు గూడ లేడు."

చొక్కా చెయ్యి బేడీ కింద మడత విప్పుకుంది. లోపలి డిజైన్ కనిపించింది. బయట ఉన్నట్టే. స్వర్ణలత చేతి పని. ఒక్క పోగు తప్పలేదు. బట్ట చూసి మనిషిని నమ్మిన తెలివితక్కువతనం మాత్రం తనదే. అచ్చు చీర మనిషి ఫోన్ చేయకపోతే ఈ పాటికి ఆ మెట్ల మీద ఒక చాయ్ కెటిల్ దొర్లుతుండేది.

జేబులో ఫోన్ మోగింది. నవనీత.

"సార్, అందరూ క్షేమమేనా?"

"ఇటు దిక్కు క్షేమమే." కాస్త ఆగి అన్నాడు. "నిన్న నేనన్న మాట తప్పు."

"రిపోర్టులో రాస్తారా?"

"రాస్త."

"అది చాలు సార్. ఇంతకీ ఆ నేతవాళ్ల రహస్యం ఏమిటో చెప్పలేదు. పండగేనా?"

"అమావాస్య మేడం. మాకు సెలవు."

అప్పటికి ఉప్పలమ్మ మెట్లెక్కి వచ్చింది. నాలుగు సెకన్ల దూరంలోంచి తన చావు పోయిందని ఆమెకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. ఆమెను ఇబ్బంది పెట్టింది ఒక్కటే, కెటిల్‌లో చాయ్ మిగిలిపోయింది.

"ఏం బిడ్డా, చానొద్దులకు కనబడ్డవ్. పొద్దంత ఎండల కూసున్నట్టున్నవ్. చాయ్ తాగు." ఒక కప్పు నింపి ఇచ్చింది. పక్కన తల దించుకున్న మనిషిని చూసింది. "గీయన ఎవలు?"

"మా బామ్మర్ది అవ్వా."

"అట్లనా! మరి ముందుగాల సుట్టానికి ఇయ్యాలె గదా." ఇంకో కప్పు నింపి కృష్ణకాంత్ ముందు చాపింది. "తీస్కో అయ్యా. గంత సిగ్గేంది, చెయ్యి చాపుతలేవు?"

"ఎడమ చేతికి ఇయ్యి అవ్వా," అన్నాడు వెంకటరాజం. "కుడి చెయ్యి నాతోని పనిల ఉన్నది."